వంకర అంచు చీరల బేరం

డాక్టరు రాసిచ్చిన రెండు రక్తపరీక్షల్లో ఒకదాన్ని బేరమాడి కొట్టేయించిన మనిషి జగిత్యాల మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. కూరగాయల దగ్గర గీసి గీసి బేరమాడేవాళ్ళు వాడకు పదిమంది దొరుకుతారు. బంగారం దగ్గర ఆడేవాళ్ళూ ఉంటారు. మెడలో గొట్టం వేలాడేసుకుని కూర్చున్న మనిషితో బేరమాడి, ఆయన రాసిన గీతను ఆయన చేతనే కొట్టేయించి, బయటికొచ్చి చెప్పులేసుకుంటూ నవ్వుకున్న ఆడమనిషిని ఇంకొకరిని చూపించండి. షుగరు చూసే ఆ పెద్దమనిషి మొదట ఒప్పుకోలేదు. "ఒకటి ఇవాళ్టి సంగతి చెబుతుందమ్మా, రెండోది మూడు నెలల సంగతి చెబుతుంది" అన్నాడు. "ఇయ్యాల మంచిగుంటె మూడు నెల్ల సంగతి మనకెందుకు సార్?" అన్నాను. "వచ్చేసారి మాత్రం తప్పించుకోలేవు" అని నవ్వి కొట్టేశాడు. ఇవాళ్టి సంగతి బాగుండాలని నేను అంతకుముందు కొన్ని రోజులు రాగిజావ తప్ప మరేదీ ముట్టలేదన్న విషయం ఆయనకు తెలియదు. కాగితం మీద అంకె ముచ్చటగా వచ్చింది. ఆ గెలుపులో నా కుడికన్నును కూడా పందెం కాశానని తెలియడానికి మాత్రం కొంతకాలం పట్టింది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నిన్న సాయంత్రం ఊరి నడుమ టవర్ దగ్గర నడిచిపోతుంటే మిర్చిబజ్జీల బండాయన జల్లిగరిటె పైకెత్తి నన్ను ఆపాడు. "ఏందమ్మా, మస్తు దినాలాయె కనవడక! నీకేమన్న అయ్యిందేమో అని పరేషానైన" అన్నాడు. అతని ముఖంలో ఉన్నది నిజమైన దిగులే. మా చుట్టాల్లో కూడా అంత దిగులు పడ్డవాళ్ళు తక్కువ. "ఏం గాలె, మంచిగనే ఉన్న" అన్నాను. "మరి ఎందుకు వస్తలేవు?" అన్నాడు. నూనె కాగుతోంది, వెనక మనుషులు నిలబడ్డారు, అది నిలబడి చెప్పే జవాబు కాదు. నవ్వి వచ్చేశాను. తీరిగ్గా కూర్చుంటే ఆ జవాబు కోరుట్ల దాకా పోయింది.

మాది కోరుట్ల. నేతపని ఇంట్లో పుట్టి, మగ్గం గుంటలో నడుము పోగొట్టుకోవడం ఇష్టంలేక మా తాత కిరాణా దుకాణం పెట్టాడు. నేను ఇంట్లో పెరిగానని చెప్పడం కంటే దుకాణంలో పెరిగానని చెప్పడమే సబబు. కూడికలు నేర్చుకోక ముందే కొసరు అడగడం నేర్చుకున్నాను. మాకు అటువైపు ఇనుప సామాను, ఇటువైపు గాజులు, ఎదురుగా పసుపు కొనే షావుకారు. ఒకరి మాట ఒకరు నమ్మకుండా, ఒకరినొకరు విడిచి ఉండకుండా బతికే జనం. దుకాణంలో ఏడుపు వినబడితే గిరాకీ చెడిపోతుందని మా బాపుకు, అంటే నాన్నకు, గట్టి నమ్మకం. అందుకని గల్లాపెట్టె పక్కన ఎప్పుడూ ఒక బెల్లం ముద్ద ఉండేది. మోకాలు పగిలి ఏడుస్తూ వస్తే బెల్లం. పంతులు కొట్టాడని వస్తే బెల్లం. తూకం తక్కువైందని కొట్లాటకు వచ్చినవాడికి కూడా మాట ముగియక ముందే అరచేతిలో బెల్లం. "ముందుగాల నోరు తీపి చేస్కో, ఎన్క మాట్లాడుదువు" అనేవాడు. ఆ వెనక ఎవరూ మాట్లాడేవారు కాదు. మా అవ్వ, అంటే అమ్మ, పురిట్లో బిడ్డను పోగొట్టుకుని ఇంటికి వచ్చిన రోజు ఆమె చేతిలోనూ ఒక ముక్క పెట్టాడు. పాపం, ఆయనకు తెలిసిన ఓదార్పు అంతే. ఆమె తినలేదు. గోడకానుకుని దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది, చీమలు మణికట్టు దాకా పాకాయి. నేను ఆ రోజు నోరెళ్ళబెట్టి చూసింది పోయిన బిడ్డ గురించి విని కాదు, బెల్లం తినని మనిషిని మొదటిసారి చూసి. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

పెళ్ళయి జగిత్యాల వచ్చాను. మా ఆయనది చీరల దుకాణం. మాకొక్కతే కూతురు, వేరే ఊళ్ళో ఉంటుంది. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే మల్లాపూర్ నుంచి, బీర్పూర్ నుంచి ఆటోలు మాట్లాడుకుని వచ్చేవాళ్ళు. ఒక్క చీర కోసం అరలన్నీ విప్పించి, మా చేత చాయ తెప్పించి, చాయ తాగాక "రేపు అస్తం" అని లేచిపోయేవాళ్ళు. అటువంటివాళ్ళను గుమ్మం దగ్గర పట్టుకుని వెనక్కి తెచ్చి చీర కట్టబెట్టడం నా విద్య. ఇప్పుడు వచ్చేవాళ్ళు ఫోన్ చూపించి "గిదే చీర గీ రేటుకున్నది, ఇస్తవా?" అంటారు. ఇవ్వనంటే ఫోను సంచిలో వేసుకుని పోతారు. ఎదురుగా మనిషే లేనప్పుడు నా విద్యతో నేనేం చేసుకోను? మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా దుకాణంలో ఫ్యాను తప్ప ఏదీ కదిలేది కాదు. మా ఆయన గల్లా దగ్గర రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. నేను ఎవరూ విప్పని చీరలను మళ్ళీ మడతపెడుతూ కూర్చునేదాన్ని. దుకాణం ఇక నడవదేమోనన్న మాట ఇద్దరి నాలుకల మీదా ఉండేది, ఇద్దరమూ మింగేవాళ్ళం. నేను దాంతోపాటు ఇంకా చాలా మింగేదాన్ని.

నాలుగు కొట్టేసరికి గుండెలో ఒక గుబులు మొదలయ్యేది, లోపల ఎవరో చీర చింపుతున్నట్టు. లేచి బజ్జీల బండి దారి పట్టేదాన్ని. దారంతా నాతో నేనే బేరం. నాలుగు కావాలంటుంది లోపలి గిరాకీ మనిషి. రెండంటాను నేను, షావుకారు ముఖం పెట్టి. మూడు చేసుకో, ఇంటికి పోయి అన్నం మానేస్తా అంటుంది. సరే పొమ్మంటాను. అమ్మేదీ కొనేదీ నేనే కాబట్టి ప్రతి బేరంలోనూ గెలుపు నాదే. బండాయన కొసరు కింద ఇంకొకటి వేసేవాడు, కొసరును కాదనడం మా వంశంలో లేదు. కారం తగ్గాలని బేకరీలో దిల్‌పసంద్. తీపి వెగటు పోవాలని ఇంటికి పోయి సకినాలు. మానేస్తానన్న అన్నం ఏనాడూ మానలేదు. పొట్ట ఆకలితో అడగడం ఎట్లా ఉంటుందో పూర్తిగా మరిచిపోయాను. అడిగింది పొట్ట కాదని కూడా తెలియదు. షుగరు డాక్టరుతో నేను పైన చెప్పిన బేరం ఈ రోజుల్లోదే.

ఎండాకాలం చివర్లో సిరిసిల్ల నుంచి చీరల మూట వచ్చింది. మా ఆయన చెల్లెలిని సిరిసిల్లలో ఇచ్చారు. ఆమె పెనిమిటికి ఇంటి వెనక రేకుల షెడ్డులో కొన్ని సాంచాలున్నాయి. కరెంటుతో నడిచే మగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. సన్న గీతల అంచు చీరలు వాళ్ళ దగ్గర బాగుంటాయి. సరుకు రాగానే అంచు చూడడం నా పని. ఎడమకన్ను మూసి, అంచును కుడికంటి ముందు బారుగా పట్టుకుని చూస్తాను. మా తాత అట్లా చూసేవాడు, నేనూ అంతే. ఆ రోజు చూస్తే గీతలు తిన్నగా లేవు. నడుమ ఉబ్బి, అక్కడొక వంపు, ఇక్కడొక వంపు, వానకాలం ఎర్రలు పాకినట్టు పోతున్నాయి. ఇంకో చీర విప్పాను. అదీ అంతే. మూట మొత్తం అంతే. కోపం రావాలి గాని, నాకు చెప్పరానంత సంతోషం వేసింది. ఎన్నాళ్ళకో బేరమాడే సందు దొరికింది. మా ఆయన చీరను రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది గదనే" అన్నాడు. "మీకు చూసుడే రాదు" అని ఆడబిడ్డకు ఫోన్ చేశాను.

"పిల్లా, నీ పెనిమిటికి జెప్పు. గీ మూటల అంచులన్ని వంకరున్నయి. సగం రేటుకైతె ఉంచుకుంట, లేకుంటె వాపస్."

"వంకరెట్లుంటయి వదినె? నేనే ఒక్కొక్కటి చూసి మడతవెట్టిన."

"నీ కండ్లు నీకు జెప్పినయి, నా కండ్లు నాకు జెప్తున్నయి."

"గట్లయితె మూట వట్టుకోని రా, నా ముంగటనే చూపియ్యి. గా కొట్లాటకన్న మా ఇంటికి అస్తవు."

మరునాడే బస్సెక్కాను. వేములవాడలో బస్సు ఆగినప్పుడు రెండు సమోసాలు తిన్నాను, కొట్లాటకు బలం కావాలి కదా. సిరిసిల్లలో వాళ్ళ వీధి మలుపు తిరగకముందే సాంచాల చప్పుడు వినబడుతుంది. పక్కనున్న మనిషి చెవిలో అరిస్తేనే మాట అందుతుంది. ఆడబిడ్డ నీళ్ళిచ్చింది, నేను తాగకుండానే మూట విప్పాను. ఆమె పెనిమిటిని వరసకు నేను అన్నా అంటాను. నెమ్మదస్తుడు. చీరను షెడ్డు గుమ్మంలో వెలుతురుకు పరిచి, అంచు మీద చెయ్యి వేసి చూశాడు. "యాడున్నది చెల్లె వంకర?" అన్నాడు. నేను వేలుపెట్టి చూపించాను. ఆయన ఇంకా వంగి చూశాడు. భార్యను చూపించమన్నాడు. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. అప్పుడాయన ఒక ఎర్ర పోగు తెంపి, ఒక కొన ఆడబిడ్డ చేతికిచ్చి, రెండో కొన తాను పట్టుకుని, అంచు పొడుగునా బిగించి లాగాడు. "ఇగ చూడు. దారానికి అంచు ఆనుకొనే ఉన్నది."

నేను అలవాటుగా ఎడమకన్ను మూసి చూశాను. ఎర్రదారం కూడా వంకరగానే ఉంది.

"దారం గూడ వంకరనే పట్టినవ్ గదనే అన్నా!" అని అరిచాను.

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "గుంజిన దారం వంకరెట్ల పోతది చెల్లె?" అన్నాడు, సాంచాల చప్పుడులో ఎట్లా వినబడిందో గాని, మెల్లగానే.

గుంజిన దారం వంకర పోదు. మూడేళ్ళ పిల్లకు తెలిసిన సంగతి. ఎడమకన్ను తెరిచి చూశాను, దారం తిన్నగా ఉంది. మూశాను, వంగింది. షెడ్డు గుమ్మం వంక చూశాను. నిలువు కమ్మీ నడుమ నడుం విరిగినట్టు లోపలికి వంగి ఉంది. ఆడబిడ్డ ముఖం వంక చూశాను. నుదురుంది, గడ్డముంది, ముక్కు ఉండాల్సిన చోట మసక మరక ఉంది. చేతిలో చీర జారిపోయింది. చీరలమ్మే మనిషికి కన్ను పోతే ఇంకేం మిగులుతుంది? ఎన్ని నెలలుగా ఈ కన్నుతో చూస్తున్నాను? ఎంతమంది నేతగాళ్ళ మీద వంకర మోపాను?

ఆడబిడ్డ నన్ను పట్టుకుని ఇంటి వెనక గట్టు మీద కూర్చోబెట్టింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గు. "తిననీకె ఏమన్న ఉన్నదా?" అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపు ఎడమకంటికి స్పష్టంగా కనబడింది. "కన్ను పోతున్నదంటె కారప్పూస అడుగుతున్నవా వదినె?" అంది. తిట్టడం కాదు, భయపడింది. "ఆకలైతుందా నీకు?"

ఆలోచించాను. వేములవాడ సమోసాలు గొంతు దాకానే ఉన్నాయి. "లేదు" అన్నాను.

"మరేమైతుంది?"

"భయమైతుంది."

"భయమైతె ఏడువు. ఈడ గిరాకి లేదు, సాంచాల సప్పుట్ల ఎవ్వలికి ఇనవడదు. ఏడువు."

మా బాపు దుకాణంలో మింగినవన్నీ ఆ గట్టు మీద బయటికి వచ్చాయి. ఎంతసేపు ఏడ్చానో తెలియదు, ముక్కు చీదుకోవడానికి నేను తెచ్చిన చీర కొంగే వాడాను, సగం రేటుకు కూడా పనికిరాకుండా చేశాను. ఆమె పక్కనే కూర్చుని నా వీపు మీద చెయ్యి వేసి తన సంగతి చెప్పింది. ఆర్డర్లు లేక సాంచాలు ఆగిపోయిన రోజుల్లో ఆమె కూడా డబ్బాలు ఖాళీ చేసిందట. "ఓ దినం డబ్బల చెయ్యివెట్టిన, కింది ఇనుము తాకింది. ఏం తిన్ననో యాదికే లేదు. దిగ్గున భయమైంది వదినె. అప్పటి సంది గుబులైతె చెప్పులేస్కొని గల్లీల వడి నడుస్త. కనవడ్డోల్లకు చెప్త, భయమైతున్నదని. సిగ్గువోయింది గని పానం నిమ్మలమైంది."

మరునాడు జగిత్యాలలో కంటి డాక్టరమ్మ దగ్గరికి మా ఆయన తీసుకుపోయాడు. కంట్లో చుక్కలు వేసి, యంత్రం ముందు గడ్డం ఆనించమని, ఫోటోలు తీసింది. షుగరు వల్ల కంటి వెనక పొరలో నీరు చేరి ఉబ్బిందని, గీతలు వంగి కనబడేది అందుకేనని చెప్పింది. "మొన్న మొన్ననే షుగర్ చూపిచ్చిన మేడం, మస్తు మంచిగ అచ్చింది" అన్నాను, కాగితం కూడా తీశాను. ఆమె కాగితం చూసి, "మూడు నెలల పరీక్ష ఏది?" అంది. బేరమాడి కొట్టేయించానని చెప్పాను. అక్కడికక్కడే రక్తం తీయించింది. ఆ సాయంత్రం ఆ పరీక్ష ఫలితం వచ్చింది. నేను ఉపవాసం ఉన్న రోజులను అది లెక్కచేయలేదు. దిల్‌పసంద్‌లూ బజ్జీలూ అన్నీ కూడుకుని అందులో కూర్చున్నాయి. డాక్టరమ్మ కంట్లో సూది వేయాలంది. "ఒక్కటి సరిపోదా?" అని నోటిదాకా వచ్చింది, మింగాను. అది మాత్రం మింగాల్సిన మాటే.

సూది కోసం పిలిచేదాకా బయట బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఆడబిడ్డ చెప్పింది గుర్తొచ్చింది. చెప్పులేసుకుని నడవడానికి అక్కడ వీధి లేదు, చెప్పడానికి మనిషి మాత్రం పక్కనే ఉన్నాడు. "దుకాణం నడువదేమో అని నాకు భయమైతున్నది. గందుకే తింటున్న. రోజు నాలుగు గొట్టంగ బజ్జీల బండి కాడికి పోతున్న" అన్నాను.

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "టవర్ కాడి బండేనా?" అన్నాడు.

"ఔ."

"నువ్వు ఇంటికి మర్లినంక నేను గూడ ఆడికే పోతున్న."

ఇన్ని నెలలు ఒకే కప్పు కింద, ఒకే భయంతో, ఒకే బండి దగ్గర, వేరువేరు వేళల్లో! ఆ బండాయన ఇద్దరికీ కొసరు వేస్తూ ఇద్దరి గుట్టూ కాపాడాడు. "మీకు గూడ కొసరేస్తడా?" అని అడిగాను. "రెండు" అన్నాడు. నాకు ఒకటే వేసేవాడు. అక్కడే, సూదికి ముందు, భయంతోనే ఇద్దరికీ నవ్వు ఆగలేదు, నర్సు వచ్చి మెల్లగా అని సైగ చేసింది.

ఆ తర్వాత జరిగినదాన్ని చికిత్స అనాలో తిట్ల పురాణం అనాలో తెలియదు. షుగరు డాక్టరు మందులు మార్చాడు, వేళకు అన్నం, పప్పు, కూర తినమన్నాడు, ఉపవాసాల వేషాలు మానమన్నాడు. నాలుగింటి గుబులుకు మాత్రం మందు సిరిసిల్ల నుంచి వచ్చేది. గుబులు మొదలు కాగానే ఆడబిడ్డకు ఫోన్ చేసి ఊళ్ళోని పాత కోట, ఖిల్లా వైపు నడవాలి. మొదట భయం పేరు చెప్పాలి, తర్వాత ఏమైనా మాట్లాడుకోవచ్చు. "ఇయ్యాల దేని గుబులు?" అంటుంది. "గిరాకి రాలె", "బిడ్డ ఫోన్ ఎత్తుతలేదు", "ఉత్తగనే" ఇట్లా ఏదో ఒకటి చెప్పేదాన్ని. చెప్పాక అది గుప్పెడంతే ఉండేది, చెప్పకముందు గోనెసంచంత ఉండేది. ఖిల్లా గోడ నీడకు చేరేసరికి ఇద్దరం ఆమె అత్తగారి మీద పడేవాళ్ళం, వెనక్కి వచ్చేటప్పుడు బేకరీ ఎప్పుడు దాటానో తెలిసేది కాదు. అన్ని రోజులూ గెలవలేదు. ఒక రోజు ఫోన్ మాట్లాడుతూనే బజ్జీ తిన్నాను. "ఏందది కరకర?" అంది. "చెప్పుల సప్పుడు" అన్నాను. "చెప్పులు నములుతున్నవా?" అంది. మరునాడు మళ్ళీ నడిచాను.

ఇక లెక్క చెప్పాలి. దుకాణంలో పెరిగినదాన్ని, ముందు నష్టమే చెబుతాను. కుడికంటి నడిమి చూపు పూర్తిగా రాలేదు. పెద్ద అక్షరాలు నిలబడ్డాయి, మనుషుల ముక్కులు వాళ్ళ ముఖాలకు తిరిగొచ్చాయి, సన్న గీతలు మాత్రం ఒకచోట ఇంకా వంగుతాయి. ఇక అది అంతేనని డాక్టరమ్మ చెప్పింది. సూదులు ఇంకా ఉన్నాయి, ప్రతిసారీ వణుకుతాను. షుగరు దిగింది, పోలేదు. అరలు ఇంకా సగం ఖాళీగానే ఉన్నాయి, దుకాణం నిలబడుతుందో లేదో ఇవాళ్టికీ తెలియదు. ఇక మిగిలింది చెబుతాను. ఎడమకన్ను మిగిలింది. దుకాణం భయాన్ని మధ్యాహ్నాలు ఎదురెదురుగా కూర్చుని పైకి అనుకునే మొగుడూ పెళ్ళాం మిగిలారు. పన్నెండు దాటాక పొట్టలో మెల్లగా తడుముకునే నిజమైన ఆకలి, ఎన్నేళ్ళ తర్వాతో, మిగిలింది. కూడి తీసివేస్తే నష్టమే తేలుతుంది, దాన్ని తగ్గించి రాయను. ముందు సరుకిచ్చి, అంతా వాడుకున్నాక ధర చెప్పే దుకాణం ఈ లోకంలో కాలం ఒక్కటే.